ప్లేయర్ పారేయకండి: కిచెనర్ ఇళ్ళకు తలకిందుల సలహాలు

స్మార్ట్ టీవీ ఉన్న ఇంట్లో ఇంకా డిస్కు ప్లేయర్ ఎందుకని చాలామంది అడుగుతారు. అడిగేవాళ్ళు పొద్దున్నే ఆఫీసుకో కొనెస్టోగా కాలేజీకో వెళ్ళిపోతారు. పగలంతా ఇంట్లో ఉండేది అమ్మానాన్నలు, అత్తమామలు. కెనడా సూపర్ వీసా మీద వచ్చినవాళ్ళు 2022 జులై నుంచి ఒక్క విడతలోనే 5 ఏళ్ళ దాకా ఉండొచ్చు. జనవరి చలిలో కిచెనర్‌లో గుమ్మం దాటి కాసేపు కూర్చునే వీలుండదు. తమ్ముడి పెళ్ళి, ఊళ్ళో గృహప్రవేశం, మనవరాలి ఓణీల వేడుక వీడియోలన్నీ మన ల్యాప్‌టాప్‌లో ఉంటాయి. వాటిని టీవీలో చూడాలంటే పెద్దవాళ్ళు మనం ఇంటికొచ్చేదాకా ఆగాలి.

ఇంటి వీడియోల ఏర్పాటు టెక్నాలజీ బాగా తెలిసినవాళ్ళ కోసం చేసుకునేది కాదు. ఒంటరిగా ఉన్న పెద్దావిడ ఎవరికీ ఫోన్ చేయకుండా తనకు కావలసింది చూడగలగాలి. అందుకోసం మన పని రెండింతలైనా సరే, ఆవిడ పని సగానికి తగ్గాలి. ఈ కొలత పట్టుకుంటే మామూలుగా వినే సలహాల్లో చాలావాటిని తిరగెయ్యాల్సి వస్తుంది.

1. అమ్మకు రిమోట్ నేర్పకండి

ఓపిగ్గా నేర్పితే వచ్చేస్తుందంటారు. కానీ యాప్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ తెర మారిపోతుంది, నేర్చుకున్నదంతా పోతుంది. డిస్కు పెట్టి తలుపు మూయడం మాత్రం వాళ్ళకు వీసీడీల కాలం నుంచీ తెలిసిన పనే. ప్లేయర్‌ని హెచ్‌డీఎమ్ఐ తీగతో టీవీకి కలిపి, రెండింటి సెట్టింగుల్లోనూ హెచ్‌డీఎమ్ఐ కంట్రోల్ ఆన్ చేయండి. సామ్‌సంగ్ టీవీల్లో దీని పేరు ఎనీనెట్ ప్లస్, ఎల్జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. ఈ సౌకర్యం ఉన్న ప్లేయర్‌లో ప్లే నొక్కగానే టీవీ తనంతట తనే వెలిగి ఆ ఇన్‌పుట్‌కి మారుతుంది. లేని ప్లేయరైతే, మీరు బయల్దేరేముందు టీవీని ఆ ఇన్‌పుట్ మీదే ఉంచి వెళ్ళండి.

2. ఇంటర్నెట్‌తో పనిలేని దారి ఎంచుకోండి

అన్నీ క్లౌడ్‌లో పెట్టేయమంటారు. 2022 జులై 8న రోజర్స్ నెట్‌వర్క్ కెనడా అంతటా ఆగిపోయినప్పుడు ఇంటర్నెట్, ఫోన్లే కాదు, ఇంటరాక్ డెబిట్ చెల్లింపులు కూడా నిలిచిపోయాయి. అలాంటి రోజున క్లౌడ్‌లోని పెళ్ళి వీడియో అందదు. షెల్ఫ్‌లో ఉన్న డిస్కుకి కరెంటు ఉంటే చాలు.

3. ఖరీదైన ప్లేయర్ వెతకకండి

ఇండియాలో ఫోటోగ్రాఫర్లు ఇచ్చిన పాత పెళ్ళి సీడీలు, డీవీడీలు పాల్ పద్ధతివి: డీవీడీల్లో 576 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. ఇక్కడి పద్ధతి ఎన్‌టీఎస్‌సీ: 480 గీతలు, దాదాపు 30 ఫ్రేములు. ఉత్తర అమెరికా కోసం చేసిన పేరున్న బ్లూ-రే ప్లేయర్లు చాలావరకు పాల్ డిస్కుని చదవవు. చవక డీవీడీ ప్లేయర్లు చాలాసార్లు దాన్ని మార్చి చూపిస్తాయి. కాబట్టి పెద్ద పేరు చూసి కొనకండి, స్పెసిఫికేషన్లలో పాల్, ఎన్‌టీఎస్‌సీ రెండూ ఉన్నాయేమో చూడండి.

ఊళ్ళో అటక మీదున్న ప్లేయర్‌ని సూట్‌కేసులో పెట్టి తెచ్చుకున్నా తప్పులేదు. ముందు దాని వెనక చూడండి. 100-240 వోల్టులు, 50/60 హెర్ట్‌జ్ అని ఉంటే ఇక్కడి 120 వోల్టులకు ప్లగ్ మారిస్తే చాలు. 230 మాత్రమే ఉంటే వదిలేయండి. ఇక్కడికి తెచ్చాక సెట్టింగుల్లో టీవీ రకం ఎన్‌టీఎస్‌సీకి మార్చండి. ఇక్కడి టీవీలు కొన్ని 50 హెర్ట్‌జ్ సిగ్నల్ తీసుకోవు.

4. నాణ్యత తగ్గించండి

4కే వీడియోని డీవీడీలోకి దింపితే చుక్కల సంఖ్య 24వ వంతుకు పడిపోతుంది. లెక్క చూస్తే గుండె గుభేలుమంటుంది. అయినా దింపండి. సోఫాలో దూరంగా కూర్చున్న డెబ్బై ఏళ్ళ కళ్ళు వెతికేది ముఖాల్ని, చుక్కల్ని కాదు. అసలు ఫైలు మీ దగ్గర ఎలాగూ భద్రంగా ఉంటుంది.

ఐఫోన్లు 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి హెచ్‌ఈవీసీ పద్ధతిలో వీడియో దాస్తున్నాయి. పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తే పాత ప్లేయర్లకు అది చదవడం రాదు. శబ్దం వచ్చి బొమ్మ రాకపోవడమో, ఫైలే కనబడకపోవడమో జరుగుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫైలుని ఎంపీ4 రూపంలో, హెచ్.264 పద్ధతిలో, 1080పీకి మార్చండి. ఫ్రేమ్ రేటు దగ్గర 'స్థిరం' అన్న ఎంపిక తీసుకోండి. ఫోన్లు ఫ్రేముల వేగాన్ని మారుస్తూ తీస్తాయి. దాన్ని అలాగే వదిలేస్తే పోనుపోను పెదాలకీ మాటకీ పొంతన తప్పుతుంది.

సరౌండ్ సౌండ్ కూడా తీసేయండి. రెండు చానెళ్ళ స్టీరియో చాలు. టీవీ స్పీకర్లలో ఐదు చానెళ్ళ శబ్దం వేస్తే బాజాలు మోగిపోతాయి, పురోహితుడి మంత్రం వినబడదు.

5. డిస్కు నింపకండి, మెనూ పెట్టకండి

మామూలు డీవీడీలో 4.7 గిగాబైట్లు పడతాయి. ఉన్న చోటంతా వాడాలనిపిస్తుంది. వాడకండి. ఒక డిస్కుకి ఒకే వేడుక, గంట నుంచి గంటన్నర. ఇంకా ఎక్కించాలంటే వీడియోని మరింత కుదించాలి, పట్టుచీర అంచులు గళ్ళు గళ్ళుగా విడిపోతాయి.

పూల డిజైన్ల మెనూలు తయారుచేయడం ముచ్చటైన పనే. చూసేవాళ్ళకు మాత్రం అక్కడే ఆగిపోయే ప్రమాదం. బాణం గుర్తు ఏది, ఓకే ఏది అని వెతుక్కోవాలి. డీవీడీస్టైలర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మెనూ లేకుండా నేరుగా వీడియో మొదలయ్యేలా చేయొచ్చు. కెనడా టీవీ కోసం ఎన్‌టీఎస్‌సీ ఎంచుకోండి. ఫైలుని ఉన్నదున్నట్టుగా డిస్కు మీదికి కాపీ చేస్తే అది డేటా డిస్కు అవుతుంది, పాత ప్లేయర్లలో చాలావరకు ఆడదు. డీవీడీ వీడియోగా మార్చే రైట్ చేయాలి.

6. నెమ్మదిగా రైట్ చేయండి

డ్రైవ్ 16 రెట్ల వేగం చూపిస్తే 4 లేదా 8 దగ్గర ఆపండి. పాత ప్లేయర్లు అలా రైట్ చేసిన డిస్కుల్ని చాలాసార్లు తేలిగ్గా చదువుతాయి. డీవీడీ-ఆర్ వాడండి, చివర్లో ఫైనలైజ్ చేయడం మరవకండి. చేయకపోతే మీ కంప్యూటర్‌లో ఆడినది ప్లేయర్‌లో ఆడకపోవచ్చు. కాగితం స్టిక్కర్లు అంటించకండి, తిరిగేటప్పుడు డిస్కు ఊగుతుంది. సీడీల కోసం అమ్మే మార్కర్‌తో తెలుగులో పెద్ద అక్షరాలతో పేరు రాయండి.

7. చిన్న పెన్‌డ్రైవ్ కొనండి

ప్లేయర్‌కి యూఎస్‌బీ రంధ్రం ఉంటే డిస్కు రైట్ చేసే శ్రమ తప్పుతుంది. కానీ అన్ని వీడియోలూ ఒకేచోట ఉంటాయని 256 గిగాబైట్లది కొనకండి. చాలా ప్లేయర్లు ఫ్యాట్32 పద్ధతిని మాత్రమే చదువుతాయి. 32 గిగాబైట్లది చాలు. ఆ పద్ధతిలో ఒక్కో ఫైలు 4 గిగాబైట్లు దాటకూడదు కాబట్టి పెద్ద వీడియోని భాగాలు చేయండి. ఎక్కువ ఫైళ్ళున్న జాబితాలో పెద్దవాళ్ళు దారి తప్పుతారు, పది లోపే పెట్టండి.

డిస్కు మీద తెలుగులో రాయమన్నాను, ఫైలు పేరు మాత్రం తెలుగులో పెట్టకండి. ప్లేయర్లు తెలుగు లిపిని చాలావరకు డబ్బాలుగా చూపిస్తాయి. 01, 02 అని అంకెలిచ్చి, ఏ అంకె ఏ వేడుకో కాగితం మీద తెలుగులో రాసి టీవీ పక్కన పెట్టండి.

వినికిడి తగ్గిన తాతయ్యకో, తెలుగు సరిగా రాని మనవడికో సబ్‌టైటిల్స్ కావాలంటే విడి ఫైలుగా ఇవ్వకండి. హ్యాండ్‌బ్రేక్‌లో బొమ్మ మీదే శాశ్వతంగా ముద్రించండి. ఇంగ్లీషువైతే విడిగా కూడా ఆడొచ్చు గానీ, తెలుగు అక్షరాలకు ఇదొక్కటే నమ్మకమైన దారి.

8. నిలువు వీడియోని కత్తిరించకండి

తెర నిండాలని పైనా కిందా కోసేస్తే ముందు పోయేవి తలలే. పక్కన నల్ల పట్టీలు ఉండనివ్వండి. బంధువులు వాట్సాప్‌లో పంపినవి అప్పటికే నలిగిపోయి ఉంటాయి. అదే వీడియోని డాక్యుమెంట్‌గా పంపమని అడగండి. 2 గిగాబైట్ల దాకా ఉన్నదున్నట్టుగా వస్తుంది.

9. సినిమా డిస్కుల తాళం జోలికి పోకండి

మనం ఇంట్లో చేసుకున్న డిస్కులకు రీజియన్ గొడవ లేదు. కొన్న సినిమా డిస్కులకు ఉంటుంది. డీవీడీల్లో కెనడా 1వ రీజియన్, ఇండియా 5వది. తాళం విప్పి కాపీ చేసుకోమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. కెనడాలో 2012 నాటి కాపీరైట్ ఆధునికీకరణ చట్టం డిజిటల్ తాళాలు ఛేదించడాన్ని నిషేధించింది. దానికి బదులు కిచెనర్ పబ్లిక్ లైబ్రరీ కార్డు తీసుకోండి, సినిమా డిస్కులు అరువిస్తారు. ప్లేయర్ ఉంచుకున్నందుకు ఇది అదనపు లాభం.

10. డిస్కును నమ్మకండి

ఇంత చెప్పి చివరికి ఈ మాట అనడం వింతగా ఉండొచ్చు. రైట్ చేసిన డిస్కులో బొమ్మ నిలిచేది రంగుపూత మీద. ఎండకీ, వేసవిలో బేస్‌మెంట్ చెమ్మకీ అది పాడవుతుంది. డిస్కు చూడటానికే, దాచుకోవడానికి కాదు. అసలు ఫైళ్ళు రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో ఉంచండి, వాటిలో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. గీతలు పడిన డిస్కు స్థానంలో కొత్తది కొట్టివ్వడానికి అప్పుడు అరగంట చాలు.

ప్లేయర్లు తయారుచేసేవాళ్ళు తగ్గిపోతున్నారు. ఒప్పో 2018లో మానేసింది, సామ్‌సంగ్ 2019లో అమెరికా మార్కెట్‌కు కొత్త బ్లూ-రే ప్లేయర్లు ఆపేసింది. కాబట్టి పనిచేస్తున్నదాన్ని చెత్తలో వేయకండి. ఈ శని, ఆదివారాల్లో ఒకే ఒక్క వీడియో తీసుకుని డిస్కు చేయండి. అమ్మ చేతికిచ్చి మీరు మేడ మీదికి వెళ్ళిపోండి. ఆవిడ మిమ్మల్ని పిలిస్తే ఎక్కడ ఆగిందో అడగండి, అక్కడ మార్చాల్సింది డిస్కునే. పిలవకపోతే రెండో వీడియో మొదలుపెట్టండి.