ఆదుకోబోయిన మొనగాణ్ని

హైదరాబాద్‌లో చలి ముదిరిందంటే టిబెటన్ల స్వెట్టర్ల దుకాణాలు వెలుస్తాయి. చాలామంది వాళ్లను నేపాలీలనుకుంటారు. నేను అనుకోలేదు. 1959లో దలైలామా మన దేశానికి వచ్చారనీ, ఆయన వెనకే వేలమంది హిమాలయాలు దాటారనీ చదివినవాణ్ని. ఆ కాస్త చదువే నా కొంప ముంచింది. వాళ్లను ఆదుకోవాల్సినవాణ్ని నేనేనని తీర్మానించుకున్నాను.

స్వెట్టర్ డబ్బులు ఇచ్చాక ఇంకో ఐదొందల నోటు తీశాను. పక్కన మా అబ్బాయి ఉన్నాడు, వాడికి కనబడాలని కాస్త పైకే పట్టుకున్నాను. "ఉంచండి దీదీ, పిల్లలకు పనికొస్తుంది" అన్నాను. దుకాణం ఆవిడ నోటు తీసుకుని, ఒక మఫ్లరు కవర్లో వేసి, మిగతా చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టేసింది. అక్కడితో ఆగానా? మన డ్వాక్రా సంఘాల గురించి చెప్పాను, పొదుపు చెయ్యమన్నాను, అందరూ కలిసి సంఘం పెట్టుకోమన్నాను, బ్యాంకు అప్పిస్తుందన్నాను, ఆవిడ నోరు తెరవబోతే ఆగమని మరీ చెప్పాను. అంతా విని, "మా బైలకుప్పెలో సొసైటీ ఉంది భయ్యా. మా నాన్న కాలం నుంచీ ఉంది" అంది.

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఇచ్చే చెయ్యి మనదైనప్పుడు ఎదుటివాళ్లు ఏం చేసుకొచ్చారో అడగబుద్ధి కాదు. ఈ జబ్బు మీకూ కాస్తో కూస్తో ఉండే ఉంటుంది.

1960లో అప్పటి మైసూరు రాష్ట్రం బైలకుప్పె దగ్గర టిబెటన్లకు దాదాపు మూడు వేల ఎకరాలు కేటాయించింది. అదంతా అడవి. చలిదేశం మనుషులు ఆ ఎండలో చెట్లు కొట్టి, ఏనుగుల నుంచి పంట కాచుకుని, మొక్కజొన్న పండించారు. తివాచీలు నేశారు. భూమి పెరగదు కదా, కుటుంబాలు పెరిగాయి. అందుకే చలికాలం ఈ స్వెట్టర్లు. సరుకు చాలావరకు లూధియానా టోకు వ్యాపారుల దగ్గర అరువు మీద తెస్తారు. అది అమ్మి, బాకీ తీర్చి, తమ కొత్త సంవత్సరం లోసార్ పండక్కి ఊరు చేరతారు. అరవై ఏళ్లు దాటిన ఈ కష్టానికి కావాల్సింది నా జాలి కాదు, నా సలహా అంతకన్నా కాదు.

మరేం కావాలని అప్పుడు అడిగాను. "జాగా" అంది. దుకాణాలకు స్థలం అనుమతి ఆలస్యమైతే డిసెంబర్ చేజారుతుంది. డిసెంబర్ పోతే సరుకూ మిగులుతుంది, అప్పూ మిగులుతుంది. ఇలాంటి బజార్లకు రాష్ట్రాలు తోడ్పడాలని 2014 నాటి కేంద్ర టిబెటన్ పునరావాస విధానమే చెబుతోంది. దాన్ని ఉటంకిస్తూ తెలుగులో అర్జీ రాసేవాళ్లే వాళ్లకు దొరకలేదు.

రాయడం నాకు చేతనైన పని. ఈ ఏడు అర్జీ ముందుగానే పెట్టాం. ఫైలు ఇంకా కదలాలి. సోమవారం మళ్లీ ఆఫీసుకు వెళ్తున్నాం. మాట్లాడేది ఆవిడే, నేను కాగితాలు అందిస్తాను.