జాతకం కలిసిన బకిల్

అమెరికాలో, కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో ఏటా ఫిబ్రవరిలో పాత సైనిక సామగ్రి సంత జరుగుతుంది. పేరు ‘షో ఆఫ్ షోస్’. పెద్ద హాలు నిండా బల్లలు, బల్లల నిండా కత్తులు, పతకాలు, యూనిఫాంలు. జనమంతా బల్లల మీద చూస్తుంటే ఒకాయన మాత్రం బల్ల కింద దూరి ఉంటాడు. అమ్మేవాడు కాలితో పక్కకు నెట్టేసిన రేకు డబ్బా ఒకటి అక్కడుంటుంది. అందులో తుప్పు రివెట్లు, వంకరపోయిన కొక్కేలు, జత తప్పిన బకిళ్లు. ఆయన వెతుక్కుంటూ వచ్చింది దానికోసమే.

“డబ్బా మొత్తం పది డాలర్లకిస్తా, తీసుకుపో” అంటాడు అమ్మేవాడు.

“నాక్కావాల్సింది ఒక్కటే” అంటాడీయన, ఇంకా ఆ ఒక్కటీ దొరక్కుండానే.

హెల్మెట్లు కొనేవాళ్లు వేరు. ఈయన హెల్మెట్లకు సంబంధాలు చూసే పెళ్లిళ్ల పేరయ్య. ఇంట్లో రెండో ప్రపంచ యుద్ధం నాటి ‘ఎమ్1’ ఉక్కు హెల్మెట్ ఒకటి, గడ్డం పట్టీ లేక బోసిగా, ఏడాదిగా ఎదురుచూస్తోంది. 1941లో అమెరికన్ సైన్యం చేపట్టిన ఈ రకం హెల్మెట్లు యుద్ధం ముగిసేలోగా 2 కోట్లకు పైగా తయారయ్యాయి. చాలామటుకు డెట్రాయిట్‌లోని మెకార్డ్ రేడియేటర్ కంపెనీ చేసింది. మిగతావి సెయింట్ లూయీలోని ష్లూటర్ కంపెనీవి. అన్ని కోట్ల హెల్మెట్లుండగా ఒక్క బకిల్ దొరకదా అని మనకనిపిస్తుంది. ఆ మాట ఈయన ముందు అనకూడదు. అంటే కాఫీ చల్లారిపోయేదాకా జాతకచక్రం వేసి చూపిస్తాడు.

గోత్రమంటే కంపెనీ. లోపల ముద్రలో ‘ఎస్’ అక్షరముంటే ష్లూటర్. నక్షత్రమంటే ఆ ఉక్కు ఏ విడతలో పోశారో చెప్పే అంకె. ఇక రాశి. మొదట్లో పట్టీ తగిలించే ఇనుప కొండీ కదలకుండా అతికించి ఉండేది, దెబ్బ తగిలితే విరిగిపోయేది. 1943 చివర్లో అటూఇటూ తిరిగే కొండీ పెట్టారు. అంచు చుట్టూ వేసిన రేకు అతుకు ముందువైపు ఉండేది, 1944 చివర్లో వెనక్కి వెళ్లింది. పట్టీ గుడ్డ రంగు లేత ఖాకీ నుంచి ముదురు ఆకుపచ్చకు మారింది. తొలినాళ్ల బకిల్ ఇత్తడిది, నల్లరంగు వేసిన ఉక్కు బకిల్ తర్వాత వచ్చింది. అతుకు ముందుండి, కొండీ కదలని హెల్మెట్‌కి ముదురాకుపచ్చ పట్టీ కడితే ఈయన దృష్టిలో అది సగోత్ర వివాహం కంటే ఘోరం.

ఇంతకీ పాత పట్టీలన్నీ ఏమయ్యాయి? ఆ పాపం శత్రువుది కాదు. యుద్ధం తర్వాత సొంత సైన్యమే చాలా హెల్మెట్ల పట్టీలు తెగ్గోసి, కొత్తవి బిగించి, రంగేసి మళ్లీ సైనికుల నెత్తిన పెట్టింది. ఆ మాటొస్తే సైన్యపు మరమ్మతు డిపోలను ఈయన తిట్టినట్టు హిట్లర్‌ను కూడా తిట్టడు.

జేబులో ఆయన సరంజామా మూడు వస్తువులు. ఒకటి అయస్కాంతం: అంటుకుంటే ఉక్కు, లేకుంటే ఇత్తడి. రెండోది భూతద్దం. మూడోది అతినీల లోహిత టార్చి. తర్వాతి కాలపు దారాల్లో చాలావాటికి తెల్లదనం కోసం రసాయనం పట్టిస్తారు, ఆ వెలుగులో అవి నీలంగా మెరిసి బండారం బయటపెడతాయి. ఓసారి హోటల్ గదిలో టార్చి వేస్తే దుప్పటి, తువ్వాలు, తన చొక్కా కాలరు అన్నీ మెరిశాయి. రాత్రంతా నకిలీల మధ్య పడుకున్నట్టు ఆయనకి నిద్రపట్టలేదు.

ఇంటి గరాజులో వ్యవహారం ఇంకా గట్టిది. లోపలి లైనర్‌లో గుడ్డపట్టీలను పట్టి ఉంచే ‘ఎ-వాషర్’లు, అంటే ఇంగ్లీషు ఎ అక్షరంలా ఉండే వేలెడు లేని రేకు ముక్కలు, రెండు కావాలి. వాటికోసం చీకిపోయిన లైనర్లు మూడు కొని, విప్పి, మూడు శవాల మీద ఒకరిని బతికించాడు. ఆనాటి రంగులో మెరుపు రాకుండా కార్కు పొడి కలిపేవారు. అందుకని వైన్ ముట్టని ఈయన పక్కింటి వాళ్ల దావత్తు ఎప్పుడా అని కాచుకుని, సీసాల బిరడాలు ఏరుకొచ్చి నూరుతాడు. కొత్త గుడ్డకు టీ డికాక్షన్, కొత్త ఇనుముకు వెనిగర్, ఉప్పు. వంటింట్లో టీపొడి అయిపోయిందంటే భార్య ముందు గరాజుకే వెళ్లి చూస్తుంది.

మరుసటి ఫిబ్రవరిలో ఆ హెల్మెట్ సంతలో బల్ల మీదికెక్కింది. ఓ తెల్లజుట్టు పెద్దమనిషి తీసి, తిరగేసి, టార్చి వేసి, అయస్కాంతం ఆనించి, చాలాసేపటికి తలెత్తాడు. “ఎవరూ చెయ్యిపెట్టని హెల్మెట్. ఇలాంటిది చూసి ఎన్నాళ్లయిందో!” అన్నాడు.

ఈయన ఛాతీ ఉబ్బింది. పెదాలు బిగబట్టాడు. భార్య బల్ల కింద కాలు తొక్కింది. అయినా ఆగలేదు.

“ఎడమవైపు బకిల్ ఉంది చూశారూ... అది నేను వేసిందే. కుట్టు కూడా.”

పెద్దమనిషి హెల్మెట్‌ను పసిబిడ్డను దింపినట్టు నెమ్మదిగా దించి, నవ్వి, ముందుకెళ్లిపోయాడు.

భార్య ఏదో అనబోయి పక్కకు తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ. మూడు బల్లల అవతల, నేల మీద, రేకు డబ్బా గలగలమంటోంది.