పాత జర్మన్ పిస్తోలు దొరికితే వినకూడని సలహాలు

ఒడిశా తీరాన ఉన్న మన రామయ్యపట్నంలో సముద్రం ఒడ్డును కోసుకుంటూ వస్తోంది. ఇళ్లు ఖాళీ చేసేవాళ్లు తాతల నాటి పెట్టెలు అటకల మీంచి దించుతారు. అలాంటి పెట్టెలో గుడ్డలో చుట్టిన పిస్తోలు కనబడిందంటే ఊళ్లో అందరూ సలహాలిచ్చేవాళ్లే. వాటిలో చాలావరకు ప్రాణానికో, చరిత్రకో చేటు తెచ్చేవి.

అన్నిటికంటే చెడ్డ సలహా తుప్పు వదిలించమనేది. చింతపండు పట్టించి గరుకు కాగితంతో రుద్దితే తళతళలాడుతుందంటారు. ఉప్పుగాలికి తుప్పు పట్టిన మాట నిజమే. కానీ పాత పిస్తోలు విలువంతా దాని మీద కొట్టిన గుర్తుల్లోనే ఉంటుంది. 1908లో జర్మన్ సైన్యం తీసుకున్న లూగర్ సంగతే చూడండి. మొదటి ప్రపంచయుద్ధం నాటి వాటికి చాంబరు (తూటా కూర్చునే అర) పైన తయారైన ఏడాది ఉంటుంది. లోపలి చిన్న చిన్న భాగాల మీద కూడా సీరియల్ నంబరులోని చివరి రెండంకెలు కొట్టి ఉంటాయి. అన్నీ ఒకే నంబరైతే అది పుట్టినప్పటి రూపంలోనే ఉందని లెక్క. గరుకు కాగితం ముందు పోగొట్టేది ఈ సన్నటి అంకెల్నే. నీలినలుపు పూత కూడా దాంతోపాటే పోతుంది. పోయినదాన్ని ఏ లేతు షాపువాడూ తిరిగి తేలేడు.

అంకెలకు అంత ప్రాణమేమిటంటారా? 1914 ఆగస్టు 26న కలకత్తాలో తుపాకుల వ్యాపారం చేసే రొడ్డా కంపెనీకి వచ్చిన సరుకులోంచి విప్లవకారులు 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు దాటించారు. ప్రతి పిస్తోలు నంబరూ కంపెనీ దగ్గర రాసి ఉంది. అందుకే ఎక్కడ ఏది పట్టుబడినా అది ఆ సరుకేనని తేల్చగలిగారు. 1918 నాటి రౌలట్ కమిటీ నివేదిక ప్రకారం అప్పటికి 31 దొరికాయి. 1915 సెప్టెంబరు 9న బాలేశ్వర్ దగ్గర విప్లవ నాయకుడు బాఘా జతీన్, ఆయన నలుగురు సహచరులు పోలీసుల్ని ఎదుర్కొన్నదీ మౌజర్లతోనే. మన బరంపురం నుంచి హౌరా వెళ్లే రైలు దారిలో ఉన్న ఊరే అది. మీ పెట్టెలోది అలాంటి చరిత్ర ఉన్నదో కాదో తేల్చాల్సింది ఆ అంకెలే. తాత గారికి బోసుబాబు స్వయంగా ఇచ్చాడన్న ఇంటి కథ దానికి సాక్ష్యం కాదు. మౌజర్ ఆకారం చూసి మురిసిపోవద్దు. స్పెయిన్‌లో ఆస్ట్రా, చైనాలో షాన్సీ కర్మాగారం అచ్చం అలాంటివే చేశాయి.

రెండోది, పాతది కదా, లైసెన్సు అక్కర్లేదనే మాట. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఉంది, నిజమే. అయితే మరమ్మతు చేసినా పేలనివాటికే అది వర్తిస్తుంది. తుప్పుతో బిగుసుకుపోయింది గనక సరిపోతుందనుకోవద్దు. స్ప్రింగు మారిస్తే పేలేదైతే అది తుపాకీయే. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే కనీసం రెండేళ్ల జైలు. పైగా ఎక్కువ లూగర్లు వాడే 9 ఎం.ఎం. తూటా నిషిద్ధ బోరు కిందికొస్తుంది, దానికి శిక్ష ఇంకా పెద్దది.

మూడోది ప్రాణం తీసే సలహా: మ్యాగజైన్ లాగేస్తే ఖాళీ అయినట్టేనట! చాంబరులో ఒక తూటా మిగిలి ఉండొచ్చు. మ్యాగజైన్ తీసినా అది అక్కడే ఉంటుంది. తూటా ఉంటే లూగర్‌లో పైనున్న చిన్న ఇనుప పలక కాస్త లేస్తుంది, దాని పక్కన గెలాడెన్ (జర్మన్‌లో ‘నింపి ఉంది’) అన్న అక్షరాలు కనబడతాయి. కానీ తుప్పు పట్టినదాంట్లో ఆ పలకను నమ్మకూడదు. వందేళ్ల తూటాను పేల్చి చూద్దామనేవాణ్ణి ఇంటి గడప తొక్కనివ్వకండి.

పాత ఆయుధాలను తీరిగ్గా పరిశీలించాలనే సరదా మంచిదే. భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ ఉంది, హైదరాబాద్ సాలార్‌జంగ్‌లోనూ ఉంది. అక్కడ గంటలకొద్దీ చూడండి, నోట్సు రాసుకోండి.

ఇంటి పెద్దలకు నా మనవి ఒక్కటే. పెట్టెలో పిస్తోలు కనబడితే చేత్తో తీయకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. ఉన్నచోటే ఫొటో తీసి, ఆ రోజే పోలీసు స్టేషన్‌కు కబురు పెట్టండి. అప్పగించేటప్పుడు నంబరు రాసిన రసీదు అడిగి తీసుకోండి.