పావు చుట్టు మహాత్మ్యం

పశ్చిమ ప్రకాశంలో పాత కారున్నవాడికి వైద్యుల కొరత లేదు. మార్కాపురం, కంభం, గిద్దలూరు... ఎక్కడ బానెట్ ఎత్తినా రెండు నిమిషాల్లో నలుగురు చేరతారు. ఇంజన్ స్టార్టు చేయమని అడగరు, ఎప్పట్నుంచి ఈ బాధ అని అడగరు. వంగి చూసి తీర్పు చెప్పేస్తారు: "కార్బొరేటర్ సామీ, ఇంకేం లేదు." పొద్దున స్టార్టు కాకపోతే కార్బొరేటర్. బస్టాండు మలుపులో ఆగిపోతే కార్బొరేటర్. పొగ నల్లగా వస్తే కార్బొరేటర్, అసలు రాకపోయినా కార్బొరేటరే. హారన్ మోగలేదన్నా ముందు అటే చూసి, కాస్త మొహమాటపడి, అప్పుడు బ్యాటరీ వైపు తిరుగుతారు.

ఇంత ఏకాభిప్రాయం మన గ్రామసభల్లో కూడా కుదరదు. దాని వెనక శాస్త్రమేమీ లేదు, సౌకర్యం ఉంది. పాయింట్లు చూడాలంటే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పాలి. ప్లగ్గులు చూడాలంటే పానా వెతకాలి. కార్బొరేటర్ మీద స్క్రూలు మాత్రం బయటికే కనిపిస్తాయి, ఒక్క చేత్తో తిరుగుతాయి. రెండో చేతిలో టీ గ్లాసు పట్టుకోవచ్చు. అందుకే రోగమేదైనా మందు ఒకటే: పావు చుట్టు.

ఈ మందు మహిమల్లో మొదటిది మైలేజీ. "ఎయిర్ స్క్రూ పావు చుట్టు బిగించాను, ఇక లీటరుకి రెండు కిలోమీటర్లు ఎక్కువొస్తది, చూడండి." చూస్తూనే ఉన్నాం. ఆ స్క్రూ పనిచేసేది మనం యాక్సిలరేటర్ మీద కాలు తీసినప్పుడు. థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉన్నప్పుడు, అర మిల్లీమీటరు కూడా లేని ఐడిల్ జెట్ గుండా వచ్చే పెట్రోల్ గాలితో కలిసి ఇంజన్‌లోకి ఎంత వెళ్లాలో అది చూసుకుంటుంది. కాలు నొక్కి రోడ్డెక్కాక పని మెయిన్ జెట్‌ది. గిద్దలూరు నుంచి నంద్యాల దాకా బండి తాగే పెట్రోల్‌లో ఆ స్క్రూకి దక్కే వాటా చిల్లర. పైగా అన్ని కార్బొరేటర్లలో దాని దిక్కు ఒకటి కాదు. కొన్నింట్లో బిగిస్తే పెట్రోల్ తగ్గుతుంది, కొన్నింట్లో గాలి తగ్గి పెట్రోల్ పాలు పెరుగుతుంది. ఏది ఏదో తెలుసుకునే చాదస్తం మనకెందుకు? బిగించడం పొదుపు, వదలడం దుబారా. అంతే.

ఆ పొదుపు ఫలితం సాయంత్రానికి తెలుస్తుంది. నల్లమల ఘాట్‌లో మలుపు దగ్గర కాలు తీయగానే ఇంజన్ ఠక్కున ఆగిపోతుంది. మళ్లీ మేస్త్రీ దగ్గరికి. ఆయన బిగించింది వదలడు. పక్కనే ఐడిల్ వేగం పెంచే స్లో స్క్రూ పట్టుకుంటాడు. నిమిషానికి 900 చుట్టుపక్కల తిరగాల్సిన మారుతీ 800 ఇంజన్ ఇప్పుడు 1500 మీద గర్జిస్తుంది. పెట్రోల్ మిగల్చడానికి ఒక స్క్రూ, ఆ మిగులును బస్టాండులో నిలబడి తగలబెట్టడానికి ఇంకో స్క్రూ! తాళం తీసినా ఇంజన్ ఒక్కోసారి గుడగుడమంటూ ఇంకాసేపు తిరుగుతుంది. "చూశారా పికప్పు!" అంటాడు మేస్త్రీ. ఓనరు మురిసిపోతాడు.

అసలు రోగం మాత్రం ఎవరూ ముట్టుకోకుండా హాయిగా ఉంటుంది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతీ 800, దేశంలో కొత్త కాలుష్య నిబంధనలు అమలైన 2000 ప్రాంతంలో కార్బొరేటర్ వదిలి ఇంజెక్షన్‌కి మారిపోయింది. అంటే మనవాళ్లు బానెట్ ఎత్తి చూసే కార్బొరేటర్ మారుతీకి దాదాపు పాతికేళ్లో, అంతకు పైనో. లోపలి రబ్బరు గొట్టాలకు అంత వయసు లేకపోయినా, ఎండ తగిలీ వేడి తగిలీ అవి ఏనాడో బీటలిచ్చాయి. మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర, వాక్యూమ్ గొట్టం చివర దొంగగాలి దూరుతుంటే ఐడిల్ ఎలా నిలుస్తుంది? కనిపెట్టడం బ్రహ్మవిద్య కాదు. ఇంజన్ నడుస్తుండగా వాక్యూమ్ గొట్టాలను ఒక్కొక్కటిగా వేళ్లతో నొక్కి పట్టుకోవాలి. దేన్ని నొక్కితే ఇంజన్ కుదుటపడిందో దొంగ అక్కడున్నాడు. ప్లగ్గు విప్పి కొస చూడాలి: నల్లటి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ, సున్నం కొట్టినట్టుంటే తక్కువ, లేత గోధుమరంగుంటే కుశలం. ఎయిర్ ఫిల్టర్ తీసి దులపాలి. దేశమంతటి పిల్లల చేత అక్షరాలు దిద్దించిన పలకరాయి మార్కాపురానిదే. ఆ గనుల దుమ్ములో తిరిగిన ఫిల్టర్ పూడుకుపోతే మిశ్రమంలో పెట్రోల్ పాలు దానంతటదే పెరుగుతుంది. దానికి స్క్రూ ఏం చేస్తుంది పాపం?

స్క్రూతో ఆగితే అదృష్టమే. రెండో విడత వైద్యం గుండుసూది. ఐడిల్ జెట్ మూసుకుపోయిందని దాన్ని బయటికి తీసి, సూది పెట్టి పొడుస్తారు. జెట్ ఇత్తడి, సూది ఉక్కు. కొలిచి వేసిన రంధ్రం ఆ పూటతో బావి అవుతుంది. గాలి కొట్టి శుభ్రం చేస్తే పోయేదానికి ఇంత హింస! స్క్రూని ప్రాణం పెట్టి బిగిస్తే దాని సూదిమొన చుట్టూ గాడి పడుతుంది. తర్వాత ఏ పావు చుట్టుకీ ఇంజన్ లొంగదు. అప్పుడు కొత్త కార్బొరేటర్ కొనమంటారు.

మే నెల మధ్యాహ్నం ఘాట్ ఎక్కుతూ అంబాసిడర్ ఆగిపోతే అది వేడికి పంపులోనే పెట్రోల్ ఆవిరైపోవడం. పాత డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ చుట్టి, పావుగంట ఆగి, వెళ్లిపోయేవాళ్లు. నేటి పండితులు ఆ పావుగంటలో కార్బొరేటర్ విప్పి బిగిస్తారు. ఈలోపు ఇంజన్ చల్లారి స్టార్టవుతుంది. మహిమ ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పాలా?

కొత్త నిందితుడు పెట్రోల్‌లో కలిపే ఇథనాల్. దాని తప్పు లేకపోలేదు. పాత రబ్బరును పాడుచేస్తుంది, తేమను పీలుస్తుంది. స్వచ్ఛమైన పెట్రోల్ ఒక పాలుకి గాలి 14.7 పాళ్లు కావాలి. 20 శాతం ఇథనాల్ కలిస్తే 13.5 చాలు. అంటే పాత జెట్లతో మిశ్రమం అసలే పలచనవుతోంది. దానికి మనవాళ్ల విరుగుడు? ఇంకో పావు చుట్టు బిగించడం.

తప్పంతా మేస్త్రీదే అనకండి. గొట్టాలకూ గ్యాస్కెట్‌కూ అయ్యే ఖర్చు చెబితే "అంతా?" అనేవాళ్లం మనం. స్క్రూ తిప్పి వంద రూపాయలడిగితే "దేవుడు" అనేవాళ్లమూ మనమే. అడిగినవాడికి అడిగిన వైద్యం దొరుకుతుంది.

విచిత్రమేమిటంటే ఆ స్క్రూ సరిగ్గా ఉందో లేదో చెప్పే యంత్రం మన ఊళ్లలోనే తిరుగుతోంది. పొల్యూషన్ వ్యాన్‌లో ఉంటుంది. ఐడిల్‌లో పొగగొట్టంలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ఎంతో అది కొలుస్తుంది. పాత పెట్రోల్ కార్లకు 3 శాతం దాటకూడదు. మనం మాత్రం ఆ వ్యాన్‌ను ఫొటో స్టూడియో చేశాం: నంబరు ప్లేటు కనపడేలా ఒక ఫొటో, ఒక కాగితం, డబ్బులు, నమస్కారం. ఈసారి సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు ఆ గొట్టం నిజంగా పొగగొట్టంలో పెట్టమని పట్టుబట్టండి, అంకె చూపించమనండి. ఆ అంకె చూడనిదే మీ స్క్రూ మీద చెయ్యి వేసే హక్కు ఎవరికీ లేదు, మీకు కూడా.