అలక పాన్పు దిగని అల్లుడు

మా జట్టుకి ఇప్పుడు ఇంటిపేరు లేదు. 2024 దాకా ఓక్లాండ్ అథ్లెటిక్స్. ఆ తర్వాత ఉత్త అథ్లెటిక్స్. ఆడుతున్నది శాక్రమెంటో పక్కన, పద్నాలుగు వేల మంది పట్టే ఓ చిన్న లీగు మైదానంలో. కాపురం పెట్టబోయేది లాస్ వేగస్‌లో, 2028లోనట. అభిమానులు మిగిలిపోయింది ఓక్లాండ్‌లో. ఒక జట్టుకి మూడు ఊళ్లు. మూడు రాజధానుల ముచ్చట చూసినవాళ్లం కాబట్టి మనవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. పాపం, అమెరికా వాళ్లకే అలవాటు లేదు.

నేనుండేది ఫ్రీమాంట్‌లో. బార్ట్ రైలెక్కితే మా జట్టు పాత మైదానం ఓక్లాండ్ కొలిజియం అరగంట. ఇరవై ఏళ్లుగా ఆకుపచ్చ టోపీ పెట్టుకుని తిరిగిన అనుభవంతో చెబుతున్నాను: బేస్‌బాల్ జట్టంటే ఇల్లరికపు అల్లుడు. ఊరు మామగారు. స్టేడియం కట్నం. ఆట సంగతి తాంబూలాలు అయ్యాక చూసుకుంటారు.

ఈ అల్లుడు పుట్టింది ఫిలడెల్ఫియాలో. 1955లో కాన్సస్ సిటీకి ఇల్లరికం వెళ్లాడు. అక్కడ పొసగక 1968లో ఓక్లాండ్ చేరాడు. వచ్చిన కొత్తలో బుద్ధిగానే కాపురం చేశాడు. 1972, 73, 74ల్లో వరుసగా మూడు వరల్డ్ సిరీస్‌లు తెచ్చాడు. 1989లో ఇంకోటి, అదీ భూకంపం వల్ల పది రోజులు ఆగి మరీ, వంతెన అవతలి శాన్‌ఫ్రాన్సిస్కో మీద. 2002లో చాలీచాలని జీతాలతో వరుసగా 20 మ్యాచ్‌లు గెలిచాడు. ఆ పొదుపు మీద బ్రాడ్ పిట్‌తో సినిమా కూడా వచ్చింది. యాజమాన్యం అందులో పొదుపు వరకు శ్రద్ధగా చూసి, గెలుపు దగ్గర లేచి వెళ్లిపోయినట్టుంది.

మామగారు పెద్దల్లుణ్ణి చూసైనా నేర్చుకుని ఉండాల్సింది. ఫుట్‌బాల్ జట్టు రైడర్స్ 1982లో లాస్ ఏంజెలెస్ లేచిపోయి, 1995లో తిరిగొచ్చింది. వచ్చినందుకు ఊరూ కౌంటీ కలిసి సుమారు 20 కోట్ల డాలర్లకి బాండ్లు రాసి, కొలిజియంలో కొండంత మేడ కట్టించాయి. దాని వల్ల నిజం కొండలు కనబడకుండా పోయాయి. జట్టు యజమాని పేరుతో దానికి జనం పెట్టిన పేరు ‘మౌంట్ డేవిస్’. 2020లో పెద్దల్లుడు వేగస్ చెక్కేశాడు. మేడ ఇక్కడే మిగిలింది, అప్పూ ఇక్కడే మిగిలింది. అంతకు ముందు ఏడాదే బాస్కెట్‌బాల్ అల్లుడు వంతెన దాటి శాన్‌ఫ్రాన్సిస్కోలో కొత్త కాపురం పెట్టాడు.

మిగిలిన ఒక్కగానొక్కడూ అలక పాన్పెక్కాడు. ఓడరేవు పక్కన హోవర్డ్ టెర్మినల్‌లో 55 ఎకరాలు చూపించి, స్టేడియంతో పాటు ఇళ్లు, హోటళ్లు, ఆఫీసులు కలిపి 1200 కోట్ల డాలర్ల బొమ్మ గీశాడు. బడ్జెట్లో లోటు పూడ్చుకోలేని నగరం ఆ బొమ్మకేసి ఆశగా చూసింది. 2021 జూలైలో నగర సభ ఓటు వేసింది. దేనికి వేసింది? జట్టు రాసిచ్చిన షరతులకి కాదు, తను తిరగరాసిన షరతులకి. ఆరుగురు ఔనన్నారు, ఒకరు కాదన్నారు, ఒకరు ఏమీ అనలేదు. ‘ఇది మేం అడిగింది కాదే’ అని జట్టు మూతి ముడిచింది. పెళ్లికొడుకు కారడిగితే సైకిలిచ్చి, సన్నాయి వాయించేశారన్నమాట.

ఆ రోజుల్లో ఊరంతా జట్టువారి నినాదం: ‘ఓక్లాండ్‌లోనే మా వేళ్లు’. అంతకు రెండు నెలల ముందే జట్టు అధ్యక్షులవారు వేగస్‌లో హాకీ మ్యాచ్ చూస్తూ ఆహా ఓహో అని ట్వీట్ పెట్టారు. వేళ్లిక్కడ, కాళ్లక్కడ. యజమాని జాన్ ఫిషర్ తల్లిదండ్రులు గ్యాప్ బట్టల దుకాణాల స్థాపకులు. ఆ పేరు మీద నేను హాస్యమాడను, ఓక్లాండ్‌లో అందరూ ఆడేశారు.

తర్వాతి ఏడాది మంచి ఆటగాళ్లను పంపించేశారు. టికెట్ ధరలు పెంచారు. ఆనక జనం రావడం లేదని గుండెలు బాదుకున్నారు. వంట మానేసి, విస్తరి దగ్గరికి ఎవరూ రావడం లేదని ఏడ్చినట్టు. 2023లో 50 గెలిచి 112 ఓడాం. ఆ ఏడాది వ్యాఖ్యాతల గదిలో ఓ పోసమ్ మకాం పెట్టింది. పిల్లి అంత ఉండే జంతువు. ఓక్లాండ్ వదిలి వెళ్తానని ఒక్కసారి కూడా అనని ప్రాణి మా మైదానంలో అదొక్కటే.

అదే ఏడాది జూన్ 13న ఊరుకోలేక అభిమానులే పిలుపిచ్చారు, ఒక్క రోజు అందరం వెళ్దామని. 27,759 మందిమి వెళ్లాం. ‘అమ్మెయ్’ అని రాసిన ఆకుపచ్చ చొక్కాలు. లీగులో అందరికన్నా ముందున్న టాంపా బే మీద 2-1తో గెలిచాం. గొంతు పోయేలా అరిచి ఇంటికొచ్చాం. రెండు రోజులకి వేగస్ ఉన్న నెవాడా రాష్ట్ర గవర్నర్ 38 కోట్ల డాలర్ల కట్నం బిల్లు మీద సంతకం పెట్టారు. అక్కడి స్థలమెంతో తెలుసా? తొమ్మిదెకరాలు. 55 ఎకరాలు అడిగిన అల్లుడు తొమ్మిదెకరాల్లో సర్దుకుంటాడట. నవంబర్లో మిగతా జట్ల యజమానులంతా ఒక్క మాట మీద అక్షింతలు వేశారు.

వెళ్తూ ఇంట్లో వాటా వదిలాడా? కొలిజియంలో కౌంటీ సగాన్ని 2019లోనే ఎనిమిదిన్నర కోట్ల డాలర్లకి రాయించుకున్నాడు. మిగతా సగం నగరం అమ్మకానికి పెట్టి, చేతికి రాని డబ్బుని 2024 బడ్జెట్లో జమ రాసుకుంది. ఆ నవంబర్లో మేయరమ్మని ఓటర్లు దించేశారు. జట్టు యజమానికి అలాంటి ఓటింగు లేదు.

అన్నీ ఓక్లాండ్ మీదికి తోసేస్తే నాకు అన్నం అరగదు. 2006లో ఈ జట్టు మా ఫ్రీమాంట్‌కే వస్తానంది. మేమేం చేశాం? ట్రాఫిక్ అన్నాం, పార్కింగ్ అన్నాం, పిల్లల చదువులన్నాం. 2009లో వాళ్లు దండం పెట్టి పోయారు. శాన్‌హోసే వెళ్దామంటే ఆ ఊరి మీద హక్కు మాదని శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు జెయింట్స్ అడ్డుపడింది. ఆ హక్కు ఒకప్పుడు ఓక్లాండ్ యజమానే రూపాయి తీసుకోకుండా వదులుకున్నది. మంచితనానికి బేస్‌బాల్‌లో అదే ఆఖరి రికార్డనుకుంటా.

2024 సెప్టెంబర్ 26న చివరి మ్యాచ్. 46,889 మంది. టెక్సస్ మీద 3-2తో గెలిచి మరీ పోయారు. జనం మైదానం మట్టి మూటగట్టుకున్నారు. నేనూ ఓ గుప్పెడు తెచ్చాను. మా ఆవిడ కరివేపాకు కుండీలో వేసింది.

2025 జూన్‌లో అదే కొలిజియంలో క్రికెట్ పెట్టారు. ఇరవై ఏళ్లు పిలిచినా బేస్‌బాల్‌కి రాని మా బావమరిది టికెట్లు తనే కొని నన్ను లాక్కెళ్లాడు. శాన్‌ఫ్రాన్సిస్కో యూనికార్న్స్ తరఫున ఫిన్ అలెన్ 19 సిక్సర్లు కొట్టాడు. పక్క సీట్లలో అంతా మనవాళ్లే, ఊగిపోతున్నారు.

“బావా, ఇంత పెద్ద గ్రౌండు పాడుబెట్టారేంటి? మన యూనికార్న్స్‌కి ఇచ్చెయ్యొచ్చుగా! కాస్త కొత్త స్టాండు కట్టించి, నాలుగు లైట్లేసి...”

“కట్టించేదెవరు?”

“సిటీ కట్టిస్తుంది. నీదేం పోయింది?”

ఎదురుగా మౌంట్ డేవిస్. నేను పల్లీలు కొనుక్కొస్తానని లేచాను.