తట్టకైతే పనికొస్తారట!

ఆడవాళ్లు సుకుమారులు, తాపీ పని వాళ్లవల్ల కాదని మేస్త్రీగారి తీర్మానం. ఆయన చెబుతున్నది నీడలో నిలబడి. వింటున్నది ఇటుకలు నెత్తిన పెట్టుకుని మూడో అంతస్తు ఎక్కుతున్న ఆవిడ. తట్టెడు మాలు మోసే చేతికి తాపీ బరువవుతుందట!

సమాన పనికి సమాన వేతనమని 1976లోనే చట్టం వచ్చింది. తప్పించుకునే దారి మనవాళ్లకు ఒకరు నేర్పాలా? పనే సమానంగా ఇవ్వకపోతే సరి. రసమట్టం పెట్టి చూసేవాడు మేస్త్రీ, ఇటుక అందించేది కూలి. ఇరవై ఏళ్లు అందించినా ఆమెకు దక్కే పదోన్నతి ఇంకాస్త పెద్ద తట్ట.

ఝార్ఖండ్‌లో స్వచ్ఛభారత్ మరుగుదొడ్ల లక్ష్యాలు పీకలమీదికొచ్చి, మేస్త్రీలు చాలకపోయేసరికి సర్కారుకు ఆడవాళ్లు గుర్తొచ్చారు. పని నేర్పారు, ‘రాణీ మిస్త్రీ’లని బిరుదూ ఇచ్చారు. గోడలు నిట్టనిలువుగానే లేచాయి, పాపం మేస్త్రీగారి సిద్ధాంతమే కూలింది. అహ్మదాబాద్‌లో ‘సేవ’ సంస్థ అంతకు చాలా ముందే ‘కర్మిక’ అనే బడి పెట్టి మహిళలకు నిర్మాణ పనులు నేర్పింది.

సరే, మన దగ్గరా ఒకావిడ శిక్షణ ముగించి, సర్టిఫికెట్ పట్టుకుని అడ్డా మీద నిలబడిందనుకుందాం. కాంట్రాక్టర్ అడిగే మొదటి ప్రశ్న: “మీ ఆయనేడమ్మా?”