గొంతు దాకా మట్టిలో

నన్ను చేసిన కుమ్మరి బంకమట్టిలో ఇసుక, సన్నని ఊక కలిపాడు. ఆవంలో ఊక కాలిపోయి, అది ఉన్నచోటల్లా కంటికి ఆనని సందులు మిగిలాయి. నా బతుకంతా ఆ సందుల్లోనే ఉంది.

అనంతపురం జిల్లాలో ఈ పెరట్లోకి వచ్చేదాకా వేసవిలో చల్లని నీళ్లు ఇవ్వడమే నా పని అనుకున్నాను. అవ్వ నన్ను గొంతు దాకా మట్టిలో పాతింది. చుట్టూ సొర గింజలు నాటి, నిండా నీళ్లు పోసి, దోమలు చేరకుండా మూతి మీద మూకుడు బోర్లించింది.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే సీమ ఇది. ఇక్కడ బిందెతో కుమ్మరించిన నీళ్లు పైపైన తడిపి, మధ్యాహ్నానికల్లా చాలావరకు ఆవిరైపోతాయి. మొక్కకంటే ముందు కలుపు లేస్తుంది. నా దగ్గర ఆ దుబారా లేదు. పక్కనున్న మట్టి ఎండితే నా గోడలోంచి నీటిని లాక్కుంటుంది. తడిగా ఉంటే లాగదు, నేనూ పెద్దగా వదలను. కొన్నాళ్లకు సొర వేళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చాయి. తెల్లని సన్నని పోగులు నా ఒంటి చుట్టూ వల అల్లినట్టు అల్లుకున్నాయి. ఎవరికైనా ఇంతగా అవసరపడటం నాకు అదే మొదలు.

మా వాళ్లకు ఈ కొలువు కొత్తది కాదు. సుమారు రెండు వేల ఏళ్ల కిందట చైనాలో ఫాన్ షెంగ్‌జీ రాసిన సేద్య గ్రంథంలోనే కుండ పాతి, చుట్టూ దోసజాతి విత్తులు పెట్టే పద్ధతి ఉంది.

ఎండలు ముదిరాక అవ్వ వేరుశనగ పొట్టు తెచ్చి నాలుగు వేళ్ల మందాన పరిపించింది.

"మొదలుకు ఆనించి పోయనా అవ్వా?" అంది మనవరాలు.

"వద్దు పాపా, కాండం కుళ్లుతుంది. బెత్తెడు ఎడం పెట్టు."

తీగ పందిరెక్కగానే అవ్వ దాని తల తుంచేసింది. పాపకు ప్రాణం విలవిల్లాడింది. అప్పటిదాకా రాత్రిళ్లు విచ్చుకున్న తెల్లపూలన్నీ పోతు పూలే. తల తుంచాక పక్కకొమ్మలు వచ్చాయి, వాటి మీద అడుగున నూగు పిందెతో ఆడపూలు! ఆకులు పెరిగేకొద్దీ నా నీళ్లు తొందరగా అడుగంటేవి. తీగ దాహం పందిరి చూసేవాళ్లకంటే నాకే ముందు తెలిసేది. అడుగున పండిన ఆకులను అవ్వ గిల్లి పొట్టు మీదే వేసేది. బూజు పట్టినవాటిని మాత్రం దూరంగా పారేసేది.

మా బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. కాపు ముగిసేసరికి నా ఒంటి మీద తెల్లని పొర కట్టి, సందులు పూడి, ఊట తగ్గింది. అవ్వ చుట్టూ మెల్లగా తవ్వి నన్ను పైకి తీసి, కొబ్బరి పీచుతో రుద్ది కడిగి, ఆరబెట్టింది. వంగ నారు ఎదిగింది. ఈసారి నన్ను ఆ మడిలో పాతుతుందట.